ఉంగరపు కథయు వెండితెరయు



పాఠశాలలో తెలుగు పండితుడనై ముప్పది యేండ్లకు పైగా వ్యాకరణమును, భారతమును బోధించి విశ్రాంతి గైకొనిన నేను ఒక ఆంగ్ల చలనచిత్రమును గూర్చి ప్రసంగింప బూనుట మీలో పలువురకు వింతగా తోచవచ్చును. నాకును మొదట వింతగానే యుండెను. అందుకు కారణమైన వృత్తాంతమును ముందుగా మనవి చేసెదను.

గడచిన సంక్రాంతికి మా మనుమడు తన స్నేహితుల నిద్దఱను వెంటబెట్టుకొని మా యూరికి వచ్చెను. భోగినాటి రాత్రి భోజనములైన పిదప ముగ్గురును వీధి యరుగుపై గూర్చుండి యొక పెద్ద వాదమునకు దిగిరి. వాద విషయము "ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్" అను చలనచిత్రము. ఆ పేరునకు ఉంగరముల ప్రభువు అని యర్థము. అది మూడు భాగములుగా 2001, 2002, 2003 సంవత్సరములలో వరుసగా వెలువడినది. ఈ పిల్లలు పుట్టక మునుపటి చిత్రమే యైనను, నిన్ననే చూచి వచ్చినట్లు వారు తగవులాడుచుండిరి.

మా మనుమడు మూలగ్రంథమును చదివినవాడు. పుస్తకమునకు ప్రాణమైన ఘట్టములను చిత్రములో తీసివేసిరనియు, మిగిలినవానిలో కొన్నింటిని మార్చివేసిరనియు వాని ఫిర్యాదు. రెండవవాడు "పదిహేడు ఆస్కార్లు వచ్చిన సినిమాకు నీ మెప్పు కూడా కావాలా?" అని పరిహసించెను. మూడవవాడు మెల్లగా "నేను పుస్తకం చదవలేదు, బహుమతుల లెక్కా నాకు తెలియదు. చివర్లో నాకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు అబద్ధమా?" అనెను. అంతట ముగ్గురును నావైపు తిరిగి "తాతయ్యా, మీరే తీర్పు చెప్పండి" అనిరి.

నేను ఆ గ్రంథమును చదువలేదు, ఆ చిత్రమును చూడలేదు. అయినను పెద్దఱికము నిలుపుకొనుటకై "సినిమాలకు తీర్పులేమిటిరా, పొద్దుపోయినది, పడుకొనుడు" అని తప్పించుకొంటిని. కాని యా రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. వారడిగినది కేవలము సినిమాను గూర్చిన ప్రశ్న కాదు. ఒకరు చెప్పిన కథను మఱియొకరు మరల చెప్పునపుడు ఏమి విడువవచ్చును, ఏమి మార్చవచ్చును, ఎచ్చట చేయి పెట్టరాదు అన్న ప్రశ్న. మన ఆలంకారికులు వేయేండ్లకు పూర్వమే చర్చించిన ప్రశ్న. పిల్లలు దానిని నా ముందు పెట్టగా నేను ముఖము చాటుచేసితిని గదా యని సిగ్గుపడితిని. ఆ వేసవిలో మనుమని సాయమున చిత్రములు మూడింటిని చూచితిని. నిఘంటువు ప్రక్కన బెట్టుకొని గ్రంథమును మెల్లమెల్లగా చదివితిని. నాకు తేలిన సంగతులను నేడు మీకు విన్నవించెదను.

మొదట గ్రంథకర్తను గూర్చి రెండు మాటలు. ఆయన పేరు జె. ఆర్. ఆర్. టోల్కీన్. 1892వ సంవత్సరమున దక్షిణాఫ్రికాలో జన్మించి, చిన్ననాడే ఇంగ్లండు చేరి, 1973లో కాలధర్మము చెందెను. ఆయనయు నావలె భాషాపండితుడే. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రాచీనాంగ్ల భాషకు ఆచార్యుడుగా బహుకాలము పనిచేసెను. మొదటి ప్రపంచ యుద్ధమున సైన్యములో చేరి, 1916లో ఫ్రాన్సు దేశమునందలి సోమ్ అను చోట జరిగిన ఘోరయుద్ధమున పాల్గొనెను. ఆప్తమిత్రులను పోగొట్టుకొనెను. ఆయనకు భాషలను కల్పించుట యొక వ్యసనము. ఫిన్నిషు భాష నాదమును మనసున నుంచుకొని యొక భాషను, వెల్షు భాష పోలికతో మఱియొక భాషను కల్పించి, వానికి వ్యాకరణములు సైతము కూర్చుకొనెను. ఆ భాషలను పలుకుటకు ప్రజలు కావలెను, ప్రజలకు దేశమును చరిత్రయు కావలెను. అట్లు వ్యాకరణమునుండి కావ్యము పుట్టినది! ఈ సంగతి తెలిసినప్పుడు, జీవితమంతయు సంధులతోను సమాసములతోను గడపిన నాకు కలిగిన సంతోషమును మీరూహింపగలరు.

ఆయన 1937లో "ది హాబిట్" అను పిల్లల కథను ప్రకటించెను. దానికి కొనసాగింపుగా ప్రారంభించినది పండ్రెండేండ్లకు గాని ముగియలేదు. అదియే ఉంగరపు కథ. 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడినది.

కథాసారమిది. సౌరన్ అను దుష్టశక్తి లోకము నంతను తన వశము చేసికొనుటకై యొక ఉంగరమును పోతపోసి, తన బలములో అధికభాగమును అందులో నిలిపెను. యుద్ధములో అది వాని చేజారి, ఎన్నో చేతులు మారి, తుదకు షైర్ అను పల్లెసీమలోని హాబిట్ల చేతికి వచ్చెను. హాబిట్లు మనుష్యునిలో సగము పొడవు గలవారు, సేద్యము చేసికొనువారు, విందులకును కబుర్లకును మిక్కిలి ఇష్టపడువారు. వారిలో ఫ్రోడో అనువానికి ఆ ఉంగరము వారసత్వముగా లభించెను. దానిని పోతపోసిన అగ్నిపర్వతపు మంటలలోనే గాని మఱి యెందును అది కరగదు. ఆ పర్వతము శత్రువు రాజ్యములో నున్నది. ఫ్రోడోయు, సామ్ అను తోటమాలియు ఆ భారమును మోసికొని పోవుటయే కథ.

శకుంతల కథలోను ఉంగరమున్నది. అచ్చట ఉంగరము మఱచిన దానిని రాజునకు జ్ఞప్తికి దెచ్చును. ఇచ్చట ఉంగరము ధరించిన వానికి తన్ను తానే మఱపించును. మంచివాడు మంచికొఱకే ధరించినను, కొంతకాలమునకు ఉంగరమునకు దాసుడగును. దీనిని యుద్ధములో ఆయుధముగా వాడుకొనక, నాశనము చేయుటకే సాహసింపవలెనన్నది కథలోని ధర్మము. రాజులును మాంత్రికులును తాక భయపడిన దానిని ఒక పల్లెటూరివాడు మోయుట అందలి అందము.

ఇక ఈ కథ తెరకెక్కిన తీరు. టోల్కీన్ జీవించియుండగనే దీనిని చిత్రముగా తీయుటకు ప్రయత్నములు మొదలైనవి. 1957, 1958 సంవత్సరములలో ఒక చిత్రకథ ఆయన పరిశీలనకు వచ్చెను. దానిపై ఆయన వ్రాసిన లేఖలు అచ్చైనవి. వానిలో రెండు అభిప్రాయములు గమనింపదగినవి. కథను కుదింపవలసివచ్చినప్పుడు కొన్ని ఘట్టములను పూర్తిగా విడిచి, ఉంచుకొన్నవానిని నిండుగా చూపుట మేలనియు, అన్నింటిని ఇఱికించి త్రొక్కుట కీడనియు ఆయన తలచెను. సాధనము మారినను కథనధర్మములు బొత్తిగా మారవనియు, మూలకథకు గుండెకాయ యెక్కడ నున్నదో తెలియకపోవుటచేతనే చెడు చిత్రములు చెడుచున్నవనియు రెండవది. కనుక కథను ముట్టుకొనరాదని ఆ వృద్ధపండితుడు పట్టుబట్టలేదు. గుండె నెఱిగి చేయి పెట్టుమనెను.

ఆ ప్రయత్నము సాగలేదు. 1969లో చిత్రనిర్మాణపు హక్కులు విక్రయింపబడినవి. 1978లో రాల్ఫ్ బక్షీ అను నాతడు బొమ్మల చిత్రముగా తీసెను గాని, అది కథలో సగము దూరమే నడచి ఆగిపోయెను. తుదకు న్యూజీలాండు దేశస్థుడైన పీటర్ జాక్సన్ దీనిని చేపట్టెను. ఫ్రాన్ వాల్ష్, ఫిలిప్పా బోయెన్స్ అను నిద్దఱు స్త్రీలు ఆయనతో గూడి చిత్రకథను వ్రాసిరి. మొదట చేరిన నిర్మాణసంస్థ వ్యయమునకు జంకి, కథనంతను ఒకే చిత్రముగా కుదింపుమనెను. జాక్సన్ అందుకు సమ్మతింపక మఱియొక సంస్థను వెదకికొనెను. ఆ రెండవ సంస్థవారు, సంపుటములు మూడైనప్పుడు చిత్రములును మూడేల కారాదని ప్రశ్నించిరట. మూడు చిత్రములును కలిపి తొమ్మిది గంటలకు పైబడిన నిడివి. ఆ నిడివి దొరకనిచో నేడు మనము చర్చించుటకేమియు మిగిలియుండెడిది కాదు.

మూడింటిని ఒకేసారి చిత్రించిరి. 1999 అక్టోబరు నుండి 2000 డిసెంబరు వఱకు 274 దినములు ప్రధాన చిత్రణము సాగెను. మొదటిది ప్రజలకు నచ్చనిచో మిగిలిన రెండింటిపై పెట్టిన ధనమంతయు గంగపాలే. చిత్రణము న్యూజీలాండు దేశమున జరిగినది.

హాబిట్లను పొట్టిగా చూపిన తీరును మా మనుమడు నాకు వివరించెను. ఇద్దఱు నటులను ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టినట్లే కానవచ్చును గాని, హాబిట్టు వేషధారిని కెమెరాకు దూరముగాను, మాంత్రికుని దగ్గఱగాను కూర్చుండబెట్టిరి. దూరమున నున్నది చిన్నదిగా కనబడుట లోకసహజము గదా. హాబిట్టు ఇంటిని రెండు కొలతలలో రెండుసార్లు కట్టిరి. చిన్న ఇంటిలో మాంత్రికుని తల దూలమునకు తగులును. పెద్ద ఇంటిలో హాబిట్టు సరిగా ఇముడును. యుద్ధ ఘట్టములలోని వేలకొలది సైనికులకు కంప్యూటరులో ప్రాణము పోసిరి. ప్రతి సైనికుడును ప్రక్కవానిని చూచి తానే కదలునట్లు ప్రత్యేకముగా ఒక ప్రోగ్రామును రచించిరి. గొల్లమ్ అను పాత్ర అన్నింటికంటె వింతయైనది. పూర్వము ఉంగరమును ధరించి, దాని వ్యామోహమున బక్కచిక్కి, మనుష్యాకారము కోల్పోయినవాడు వాడు. ఆండీ సర్కిస్ అను నటుడు ఆ వేషమును నటింపగా, ఆయన కదలికలను గ్రహించి కంప్యూటరులో ఆ రూపమును చెక్కిరి. వాడు రెండు గొంతులతో తనతో తానే వాదులాడుకొను ఘట్టము చూచినప్పుడు, యంత్రము వెనుక నొక మనుష్యుడున్నాడని నాకు స్పష్టముగా తోచినది.

ఇప్పుడు విజయమును గూర్చి. మూడు చిత్రములకును కలిపి ఇంచుమించు 28 కోట్ల డాలర్లు వ్యయమైనవి. ప్రపంచమంతట కలిపి వసూలైనది ఇంచుమించు 290 కోట్ల డాలర్లు. మూడవ చిత్రమొక్కటియే 100 కోట్ల డాలర్లను మించెను. అంతకుముందు ఆ హద్దును దాటినది "టైటానిక్" ఒక్కటియే. డబ్బు వచ్చినచోట తగవు రాకపోదు. తమకు రావలసిన భాగము రాలేదని టోల్కీన్ వారసులు 2008లో వ్యాజ్యము వేసిరి. అది 2009లో రాజీ యయ్యెను.

బహుమానముల సంగతి. ఆస్కారు అనగా ఏమియో మన పల్లెలకును ఇప్పుడు తెలియును. 2023 మార్చిలో "నాటు నాటు" అను మన తెలుగు పాటకు వచ్చినది ఆ బహుమానమే. అమెరికాలోని చలనచిత్ర పరిషత్తు సభ్యులు, అనగా ఆ వృత్తిలోని వారే, ప్రతి సంవత్సరమును ఓట్లు వేసి దీనిని నిర్ణయింతురు. మొదట ఒక్కొక్క విభాగమునకు కొన్ని పేర్లను ఎన్నికకు నిలుపుదురు. పిమ్మట వానిలో ఒకదానికి బహుమానమిత్తురు. ఉంగరపు కథ మొదటి చిత్రము 13 విభాగములలో నిలిచి 4 బహుమానములు పొందెను. రెండవది 6 విభాగములలో నిలిచి 2 పొందెను. ఈ రెండేండ్లును ఉత్తమ చిత్రమను గౌరవము ఇతర చిత్రములకు పోయెను. మూడవది 11 విభాగములలో నిలిచి, 2004 ఫిబ్రవరి 29వ తేదీ రాత్రి ఆ పదునొకండింటిని పొందెను. ఉత్తమ చిత్రము, దర్శకత్వము, సంగీతము, పాట, దుస్తులు, అలంకరణ మున్నగునవి వానిలో నున్నవి. అంతకుముందు పదునొకండు పొందినవి 1959 నాటి "బెన్‌హర్", 1997 నాటి "టైటానిక్" మాత్రమే. అయితే ఆ రెండును నిలిచిన చోట్లన్నింటను గెలువలేదు. అద్భుతరస ప్రధానమైన ఇట్టి కల్పితగాథకు ఉత్తమ చిత్రమను గౌరవము దక్కుట అదియే మొదలు. ఒక్క విశేషము గలదు. ఆ పదునొకండింటిలో నటులకు వచ్చినది ఒక్కటియు లేదు. మూడవ చిత్రపు నటులలో ఎవ్వరి పేరును ఎన్నికకు నిలుపబడనేలేదు.

ఆ పదునొకండింటిలో ఒకటి అనుసరణమునకే, అనగా మఱియొక గ్రంథమునుండి గ్రహించి వ్రాసిన చిత్రకథకే యిచ్చినది. మా మనుమని స్నేహితుడు దీనినే బ్రహ్మాస్త్రముగా ప్రయోగించెను. అనుసరణము బాగున్నదని పరిషత్తే ముద్రవేసిన పిమ్మట వాదమెందులకని వాని తర్కము. కాని విచారింపుడు. ఓటు వేయు సభ్యుడు గ్రంథమును చదివియుండవలెనన్న నియమము లేదు. అతడు తూచునది చిత్రమును, సరిపోల్చునది ఆ యేటి ఇతర చిత్రములతోను. చిత్రకథ చక్కగా నడచినదని ఆ బహుమానము సాక్ష్యము చెప్పగలదు. మూలమునకు న్యాయము జరిగినదా యన్న ప్రశ్నకు ఆ సాక్షి సమాధానము చెప్పలేడు. ఆ సమయమున అతడక్కడ లేడు.

మఱి యా ప్రశ్నకు సమాధానమెట్లు? మన శాస్త్రము దారి చూపుచున్నది. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీర దేశమందుండిన ఆనందవర్ధనుడు, లోకప్రసిద్ధమైన కథను గ్రహించిన కవి, రసమునకు విరోధమైన భాగమును విడువవలెననియు, రసమునకు తగిన దానిని కల్పించియైన చేర్పవలెననియు చెప్పెను. భారతమున దుష్యంతుడు శకుంతలను గుర్తెఱిగియు ఎఱుగనట్లు నటించి నిరాకరించును. కాళిదాసు దుర్వాసుని శాపమును, ఉంగరమును కల్పించి రాజును ఆ కపటమునుండి తప్పించెను. కాళిదాసు వ్యాసునకు ద్రోహము చేసెనని ఎవ్వరును అనలేదు. మన భాషలో తిక్కన భగవద్గీతను మిక్కిలి సంగ్రహించెను. 1957 నాటి మన "మాయాబజార్" చిత్రమున పాండవుల కథయే యైనను పాండవులు కనబడరు. చూచినవారెవ్వరును ఆ లోటును గుర్తింపనైనలేదు. కనుక విడిచినారు, మార్చినారు అన్న మాటలు వానియంతట అవి నేరములు కావు. ఏ రసమునకై విడిచిరి, ఏ ధర్మమునకై మార్చిరి అని అడుగవలెను. ఈ కొలతతో నాలుగు ఘట్టములను పరీక్షించెదను.

మొదటిది. గ్రంథారంభమున టామ్ బాంబడిల్ అను నొక వింతపురుషుడు హాబిట్లకు ఆతిథ్యమిచ్చును. ఉంగరము ఆయనపై పనిచేయదు. చదువునప్పుడు మిక్కిలి మనోహరముగా నుండును. చిత్రములో ఆయన లేడు. ఉంగరము అందఱను లోబఱచునని ప్రేక్షకునకు భయము కలిగింపవలసిన చోట, లోబడని వానిని చూపినచో ఆ భయము సడలిపోవును. ఈ విడుపు తగినదే. టోల్కీన్ చెప్పినట్లు పూర్తిగా విడిచిరి, ఇఱికింపలేదు.

రెండవది. గొల్లమును చంపియుండవలసినదని ఫ్రోడో అనగా, గాండాల్ఫ్ అను మాంత్రికుడు దయను గూర్చి ఉపదేశించును. చావు బ్రదుకుల తీర్పు చెప్పుటకు తొందరపడవలదనియు, వాడును ఈ కథలో తుదకు ఏదో యొక పనికి వచ్చుననియు ఆ మాటల సారము. గ్రంథములో ఈ సంభాషణము మొదట ఇంటిలో కూర్చుండి జరుగును. చిత్రములో దానిని కొండ గర్భమునందలి చీకటిగుహకు మార్చిరి. గొల్లమ్ వెనుక దొంగవలె అనుసరించుచుండగా, ఆ మాటలు వినబడును. ఉపదేశము సందర్భమున పడి ఇనుమడించినది. మార్పు చేసినను గుండెకు బలము చేకూర్చినట్టి మార్పు ఇది.

మూడవది కథకు తుదిఘట్టము. ఫ్రోడో అగ్నిపర్వతము చేరును గాని, ఆ అంచున నిలిచి ఉంగరమును విసరివేయలేకపోవును. నాదియే యని ధరించును. అప్పుడు గొల్లమ్ వానిపై బడి, వ్రేలిని కొఱికి ఉంగరమును చేజిక్కించుకొనును. గ్రంథములో గొల్లమ్ ఉంగరమును చూచుకొని పరవశమై గంతులువేయుచు కాలు జారి, ఉంగరముతో గూడ మంటలలో పడును. ఎవ్వరును త్రోయలేదు. ఒకప్పుడు వానిని చంపక విడిచిన దయయే నేడు లోకమును కాపాడినది. వీరుని బలము ఓడినచోట వీరుని పూర్వదయ గెలిచినది. చిత్రములో ఫ్రోడో లేచి గొల్లముతో పెనుగులాడగా ఇద్దఱును అంచునుండి జారుదురు. ఫ్రోడో అంచు పట్టుకొని వ్రేలాడును. పెనుగులాట ఉత్కంఠ కలిగించును, సందేహము లేదు. కాని దయచేసిన పనిని అందులో కొంత చేతులు పంచుకొన్నవి. ఈ చోట మా మనుమని ఫిర్యాదు న్యాయమని నాకు తోచినది.

నాలుగవది మనవంటి పల్లెవాసులకు మిక్కిలి సన్నిహితమైనది. గ్రంథములో యుద్ధము గెలిచి నలుగురు హాబిట్లును ఇంటికి తిరిగివత్తురు. వచ్చి చూచినచో తమ యూరు తమది కాదు. దుండగులు అధికారము చేజిక్కించుకొనిరి. వరుసల చెట్లు నఱకబడినవి. పాత మర తీసివేసి, నీటిని మురికిచేయు క్రొత్త మరను పెట్టిరి. పండిన పంట గాదెలలోనికి పోవుచున్నది గాని పండించినవానికి మిగులదు. అప్పుడా నలుగురును ఊరివారిని కూడగట్టి దుండగులను వెడలగొట్టుదురు. సామ్ తనకు బహుమానముగా వచ్చిన గుప్పెడు మట్టిని ఊరంతట చల్లి, మరల చెట్లు నాటును. తాను పెరిగిన పల్లెసీమ తన పదవయేడు నిండక మునుపే చెడిపోవుచుండెనని టోల్కీన్ స్వయముగా వ్రాసికొనెను. యుద్ధమునుండి తిరిగివచ్చినవాని మనసు ఈ ఘట్టములో నున్నది. చిత్రములో ఇది లేదు. ఒక అద్భుత దర్పణములో క్షణకాలము షైర్ తగులబడుట కనబడును, అంతే. వారు తిరిగివచ్చునప్పటికి ఊరు చెక్కుచెదరక యథాతథముగా నుండును. పర్వతము కూలిన పిమ్మట మఱియొక యుద్ధము చూపినచో ప్రేక్షకుడు అలసిపోవునన్న భయమున విడిచిరని ఊహింపవచ్చును. అది నాటకధర్మము. కాని దూరదేశమున గెలిచినవాడు సొంత యూరిని మరల సంపాదించుకొనవలసియుండునన్న సత్యము దానితో కొట్టుకొనిపోయినది. చదివినప్పుడు మన చెఱువుగట్టులును, నఱకబడిన మన మామిడితోపులును నా కన్నులకు కట్టినవి. చిత్రమున వానిని చూడజాలకపోతిని.

ఈ చిత్రములపై టోల్కీన్ కుమారుడు క్రిస్టఫర్ మిక్కిలి అసంతృప్తుడు. తండ్రి వ్రాతప్రతులను జీవితమంతయు పరిష్కరించి ప్రకటించిన పండితుడాయన. 2012లో ఒక ఫ్రెంచి పత్రికతో మాటలాడుచు, గ్రంథమును యువకుల పోరాట చిత్రముగా మార్చివేసిరని వాపోయెను. ఆయన 2020లో గతించెను. ఆయన బాధ నిజమైనది. అయితే మా మనుమడు గ్రంథమును చేపట్టినది చిత్రమును చూచిన పిమ్మటనే! ఇట్టివారు ఎందఱో. మూలమును మఱుగుపఱచుచున్నదని నిందింపబడిన చిత్రమే మూలమునకు వాకిలియైనది.

ఈ వేసవిలో నేనిట్లు తూకము వేయుచుండగా, మా మనుమడు ఒకనాడు నన్నొక మాట అడిగెను. "తాతయ్యా, చిన్నప్పుడు మీరు నాకు కర్ణుడి కథ చెప్పేవారు. నేను ఏడ్చేవాణ్ని. కాని నిండుసభలో ద్రౌపదిని కర్ణుడు అన్న మాటలు మీరు ఎప్పుడూ చెప్పలేదు. పెద్దయ్యాక భారతం చదివితే తెలిసింది. మీరు మాత్రం ఎందుకు వదిలేశారు?"

నాకు వెంటనే నోట మాట రాలేదు. పిల్లవానికి కర్ణునిపై జాలి కలుగవలెనని విడిచితిని. పాఠశాలలో ముప్పదియేండ్లు అట్లే విడిచితిని. నాకు నచ్చిన రసమునకై నేను చేసిన విడుపది. దానివలన కరుణము నిలిచినది గాని ధర్మము కుంటువడినది. కర్ణుని పతనమునకు కారణమునే నేను తీసివేసితిని. న్యూజీలాండు దర్శకుని తప్పు లెన్నుచున్న నేను, అదే తప్పును వెయ్యిమంది పిల్లల ముందు చేసితిని. "తప్పేరా నాయనా, చెప్పవలసినదే" అంటిని. వాడు నవ్వి, "అయినా మీరు చెప్పబట్టే కదా నేను భారతం తెరిచింది" అనెను.

ఆ మాటతో నా తీర్పు నాకు దొరికినది. ముగ్గురు బాలురకును ఉత్తరము వ్రాసి పంపితిని. మా మనుమనికిట్లు వ్రాసితిని: తుదిఘట్టమునను, ఊరి ఘట్టమునను నీ ఫిర్యాదు న్యాయము. అయితే విడిచిన ప్రతిదానిని నేరముగా లెక్కించుట న్యాయము కాదు. బాంబడిల్‌ను విడిచినవారే దయను గూర్చిన ఉపదేశమును చీకటిగుహలో వెలిగించిరి. బహుమానములు లెక్కించిన వానికి: పదునేడు బహుమానములును పనితనమునకు తగినవే. వానిని అడుగవలసిన ప్రశ్నకు వానినే అడుగుము. మూడవవానికి: నీ కన్నీరు అబద్ధము కాదు. అంతదూరము మోసి తుదకు మోయలేకపోయినవానిని చూచి వచ్చిన కన్నీరది. ఆ ఓటమిని చిత్రము దాచలేదు. ఫ్రోడో గాయము మానక, ఇల్లు విడిచి ఓడయెక్కి పోవుటను గ్రంథములో వలెనే నిలిపిరి. అక్కడ గుండె చెడలేదు. ఇక నీవు గ్రంథమును చదువుము. నీ ఊరు నీకు మఱియొక విధముగా కనబడును.

శ్రోతలారా! మనమందఱమును ఏదో యొక కథను పిల్లలకు చెప్పుచునే యుందుము. భారతము గావచ్చును, మన తాతల నాటి ఊరి సంగతి గావచ్చును. కొంత విడువకతప్పదు, కొంత మార్చకతప్పదు. విడిచినప్పుడు ఎందులకు విడుచుచున్నామో మనకు తెలిసియుండవలెను. పెద్దవాడై మూలమును చూచినవాడు వచ్చి అడిగినప్పుడు, అరుగుమీదినుండి లేచిపోక, కూర్చుండి ఉత్తరము చెప్పవలెను. నేను ఆ భోగినాటి రాత్రి చేయనిదదియే. పై సంక్రాంతికి మువ్వురును మరల వత్తుమని వ్రాసిరి. మూడవవాడు అప్పటికి రెండవ సంపుటము ముగింతునని వాగ్దానము చేసెను.

స్వస్తి.